మానసిక వైద్య విభాగంలో నర్సింగ్ పైచదువు: ఏ దారి, ఎవరికి?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. బి.ఎస్సీ. నర్సింగ్ చదివి, నాలుగేళ్లుగా కాకినాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐ.సి.యు.లో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. పురుగుమందు తాగి వచ్చినవాళ్లను ఎందరినో చూశాను. సంక్రాంతి వెళ్లిన తర్వాత ప్రాణం నిలబెట్టి ఇంటికి పంపిన ఒక కౌలురైతు, దాళ్వా కోతలు కాకుండానే మళ్లీ అదే స్థితిలో వచ్చాడు. ఈసారి దక్కలేదు. అప్పటినుంచి మానసిక వైద్య విభాగంలో పైచదువు చదవాలని ఉంది. టెక్సాస్‌లో ఉన్న మా ఆడపడుచు అక్కడ సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్లు డాక్టర్లలాగే మందులు రాస్తారని, నన్నూ అదే చదవమని చెబుతోంది. రాజమండ్రిలో ఒక కన్సల్టెన్సీవారు అదే పేరుతో ఏడాది ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఇప్పిస్తామని, దానితో ఇక్కడా అక్కడా పనిచేయవచ్చని చెప్పి లక్షన్నర అడుగుతున్నారు. మా అత్తగారేమో పిచ్చాసుపత్రి ఉద్యోగం మనకెందుకంటున్నారు. నేను ఏం చదవాలి?
– ఒక సోదరి, కోనసీమ

సమాధానం:

అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. ఆ లక్షన్నర కట్టకండి. మన దేశంలో సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్ అనే గుర్తింపు పొందిన హోదా లేదు. భారత నర్సింగ్ కౌన్సిల్ నర్స్ ప్రాక్టీషనర్ పేరుతో రూపొందించిన కోర్సుల్లో క్రిటికల్ కేర్‌కు సంబంధించిన రెండేళ్ల రెసిడెన్సీ ఉంది, ప్రసూతి సేవలకు సంబంధించిన 18 నెలల కోర్సు ఉంది. మానసిక వైద్యానికి అటువంటిది లేదు. కాబట్టి ఆ సర్టిఫికెట్ ఎవరు ఇచ్చినా, దాన్ని చూపించి కాకినాడలో గానీ విశాఖపట్నంలో గానీ మీరు మందుల చీటీ రాయలేరు. అమెరికాలో ఆ హోదా నిజంగానే ఉంది కానీ, ఆ చదువుకు అక్కడి రిజిస్టర్డ్ నర్సు లైసెన్సు మొదటి మెట్టు. అది లేకుండా, రోగిని చూడకుండా, ఇంట్లో కూర్చుని చదివిన ఏడాది కోర్సును అక్కడి ఏ రాష్ట్ర నర్సింగ్ బోర్డూ లెక్కలోకి తీసుకోదు. రెండు దేశాల్లోనూ చెల్లని కాగితాన్ని రెండు దేశాల్లోనూ చెల్లుతుందని చెప్పి మీకు అమ్మజూపుతున్నారు.

మీ ఉత్తరంలో రెండు కోరికలు కలగలిసి ఉన్నాయి. ఆ కౌలురైతు వంటివారికి ప్రాణం నిలిచిన తర్వాత జరగవలసిన వైద్యం నేర్చుకోవాలన్నది ఒకటి. ఆడపడుచుగారు చెప్పిన హోదా, దానితో వచ్చే అధికారం రెండోది. మొదటిది విద్య, ఎక్కడ నేర్చినా మీ వెంట వస్తుంది. రెండోది ఒక ప్రభుత్వం తన చట్టం ద్వారా ఇచ్చేది, ఆ ప్రభుత్వపు ఎల్లలు దాటితే దానికి విలువ లేదు. అందువల్ల ఏం చదవాలన్న ప్రశ్న కంటే ముందు, రాబోయే పదేళ్లు ఎక్కడ ఉండి పనిచేయాలనుకుంటున్నారో మీరూ మీ వారూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఆ నిర్ణయం మీ ఇంట్లో జరగవలసింది గనుక, నేను రెండు దారులూ చెబుతాను.

అమెరికా గురించి మీ ఆడపడుచుగారు చెప్పినదాంట్లో నిజం ఉంది, కానీ పూర్తిగా లేదు. అక్కడ ఈ హోదా ఉన్న నర్సు రోగిని పరీక్షించి, జబ్బును నిర్ధారించి, మందులు రాసి, అవసరమైతే సైకోథెరపీ కూడా చేస్తారు. చిన్నపిల్లల నుంచి వృద్ధుల వరకు అందరికీ కలిపి ఒకటే సర్టిఫికేషన్. సగానికి పైగా రాష్ట్రాల్లో, కొన్నిచోట్ల మొదటినుంచీ, కొన్నిచోట్ల కొంతకాలం పర్యవేక్షణలో పనిచేసిన తర్వాత, డాక్టరుతో ఒప్పందం లేకుండా స్వతంత్రంగా పనిచేయవచ్చు. అయితే ఆమె ఉంటున్న టెక్సాస్ ఆ రాష్ట్రాల్లో ఒకటి కాదు. అక్కడ మందులు రాయాలంటే ఒక వైద్యుడితో రాతపూర్వకమైన ఒప్పందం ఉండి తీరాలి.

అక్కడికి చేరే క్రమం కూడా చిన్నది కాదు. మీ మార్కుల జాబితాలను, ఇక్కడి కౌన్సిల్ రిజిస్ట్రేషన్‌ను, విదేశీ నర్సుల చదువును సరిచూసే సి.జి.ఎఫ్.ఎన్.ఎస్. (ఇప్పటి పేరు ట్రూమెరిట్) వంటి సంస్థతో మదింపు చేయించుకుని, ఏదో ఒక రాష్ట్ర బోర్డుకు దరఖాస్తు పెట్టి, అక్కడి నర్సు లైసెన్సు కోసం రాసే ఎన్‌క్లెక్స్ ఆర్.ఎన్. పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఈ పరీక్షకు అమెరికా వెళ్లనవసరం లేదు, హైదరాబాదులోనే రాయవచ్చు. ఆ తర్వాత వీసా. ఉద్యోగం మీద గ్రీన్‌కార్డు కోరుకునే నర్సుల్లో మన దేశంలో పుట్టినవారి వరుస ఏళ్ల తరబడి సాగుతుంది. ఈ ఒక్క సంగతీ కన్సల్టెన్సీల కరపత్రాల్లో కనిపించదు. లైసెన్సు చేతికి వచ్చి అక్కడ అడుగుపెట్టిన తర్వాతే అసలు చదువు మొదలవుతుంది: గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో రెండు మూడేళ్ల మాస్టర్స్, లేదా ఇంకా పెద్దదైన డాక్టరేట్, ఇప్పటికే మాస్టర్స్ ఉన్నవారికైతే పోస్ట్ గ్రాడ్యుయేట్ సర్టిఫికెట్. ఏది చదివినా ఉన్నత స్థాయి పాథోఫిజియాలజీ (జబ్బు వల్ల శరీరంలో వచ్చే మార్పులు), ఫార్మకాలజీ (మందుల శాస్త్రం), రోగి పరీక్షా విధానం అనే మూడు సబ్జెక్టులు విడివిడిగా చదవాలి. దానితోపాటు అధ్యాపకుల పర్యవేక్షణలో కనీసం 500 గంటలు రోగులను చూసి ఉంటేనే అమెరికన్ నర్సుల క్రెడెన్షియలింగ్ కేంద్రం పరీక్షకు కూర్చోనిస్తుంది. 2022లో సవరించిన విద్యా ప్రమాణాలైతే 750 గంటలు ఉండాలంటున్నాయి. సర్టిఫికేషన్‌ను ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. అక్కడి ఆన్‌లైన్ కార్యక్రమాల్లో కొన్ని పాఠాలు చెప్పి ఊరుకుంటాయి, రోగులను చూపించి నేర్పే ప్రిసెప్టర్‌ను మాత్రం విద్యార్థే వెతుక్కోవాలి. కొత్తగా దేశానికి వచ్చి, ఎవరినీ ఎరగని అమ్మాయికి అది ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. దరఖాస్తు పెట్టేముందే క్లినికల్ పోస్టింగులు కళాశాలే ఏర్పాటు చేస్తుందా అని రాతపూర్వకంగా అడగాలి. పట్టా వచ్చిన తర్వాత ఏడాది రెసిడెన్సీ చేసే వీలు కూడా కొన్నిచోట్ల ఉంది, మాజీ సైనికుల ఆసుపత్రులు అటువంటివి నడుపుతున్నాయి. అది తప్పనిసరి కాదు. కానీ మానసిక వైద్య వార్డులో ఎన్నడూ పనిచేయకుండా నేరుగా ఈ చదువులోకి వచ్చినవారికి అది చాలా అవసరమని నా అభిప్రాయం. ఐ.సి.యు.లో మానిటరు మీద అంకె మారితే తెలుస్తుంది. ఎదురుగా కూర్చున్న మనిషి చెప్పకుండా దాస్తున్నది ఏమిటో తెలియడానికి అనుభవజ్ఞుల పక్కన కూర్చుని చాలాకాలం వినాలి.

ఇప్పుడు ఇక్కడి దారి. మీ మొదటి కోరికే బలమైనదైతే, నేను దీనివైపే మొగ్గుతాను. మన దేశంలో రెండు గుర్తింపు పొందిన చదువులున్నాయి. రిజిస్టర్డ్ నర్సులకు ఏడాది పాటు ఉండే పోస్ట్ బేసిక్ డిప్లొమా ఒకటి, మెంటల్ హెల్త్ నర్సింగ్ ప్రత్యేకాంశంగా రెండేళ్ల ఎం.ఎస్సీ. నర్సింగ్ మరొకటి. ఎం.ఎస్సీ.కి బి.ఎస్సీ.లో 55 శాతం మార్కులు, చదువు తర్వాత ఏడాది ఉద్యోగానుభవం కావాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగలవారికి మార్కుల్లో సడలింపు ఉంది. మీకు నాలుగేళ్ల అనుభవం ఉంది కాబట్టి ఆ షరతు ఎప్పుడో తీరిపోయింది. మన రాష్ట్రంలో సీట్లు డాక్టర్ ఎన్.టి.ఆర్. ఆరోగ్య విశ్వవిద్యాలయం ద్వారా భర్తీ అవుతాయి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ డిప్లొమా, ఎం.ఎస్సీ. రెండూ ఇస్తుంది, సొంతంగా ప్రవేశ పరీక్ష పెడుతుంది. అక్కడ సీటు వస్తే మరో ఆలోచన పెట్టుకోకండి. కన్నడం రాదని భయపడనక్కరలేదు, రాయలసీమ నుంచి అక్కడికి వైద్యానికి వచ్చే తెలుగువారు ఎప్పుడూ ఉంటారు.

ఎం.ఎస్సీ.యా డిప్లొమాయా అంటే, ఒక చేదు నిజం చెప్పవలసి ఉంది. మన దగ్గర ఎం.ఎస్సీ. చేసినవారిలో చాలామంది నర్సింగ్ కళాశాలల్లో ట్యూటర్లుగా, అసిస్టెంట్ ప్రొఫెసర్లుగా స్థిరపడి, రోగి మంచం దగ్గరకు వెళ్లడం మానేస్తున్నారు. జీతం, పగటి పని, సెలవులు చూసుకుంటే వారిని తప్పుపట్టలేం. కానీ ఆ కౌలురైతు కోసం ఈ చదువు చదవాలనుకున్న మీరు మళ్లీ నల్లబల్ల దగ్గర నిలబడితే మీకే వెలితిగా ఉంటుంది. రోగుల మధ్యే ఉండాలనుకుంటే ఏడాది డిప్లొమా చాలు. పై హోదాలు, పిహెచ్.డి., భవిష్యత్తులో విదేశంలో మాస్టర్స్ వంటివి మనసులో ఉంటే ఎం.ఎస్సీ. చేయండి. అది అమెరికాలో పరీక్ష రాసే అర్హత ఇవ్వదు, ప్రవేశ దరఖాస్తుకు మాత్రం బలమిస్తుంది.

హోదా లేకపోయినా మన చట్టంలో ఈ నర్సుకు స్థానం ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మెంటల్ హెల్త్ నర్సును విడిగా నిర్వచించింది, రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర నమోదు కావాలని చెప్పింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం 1996 నుంచి నడుస్తోంది, దాని బృందంలో మానసిక వైద్యుడితోపాటు నర్సు పోస్టు కూడా ఉంది. ఆ పోస్టులు తక్కువ, చాలావరకు కాంట్రాక్టువి, జీతం గురించి గొప్పగా చెప్పుకునేదేమీ లేదు. ఈ లోటు తెలిసే రావాలి.

పని మాత్రం కొల్లలుగా ఉంది. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన పెద్దల్లో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక రుగ్మత ఉంది. జబ్బును బట్టి వారిలో 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదు. మన డెల్టాలో అది ఎలా ఉంటుందో మీకు తెలియనిది కాదు. కువైట్‌లోనో మస్కట్‌లోనో ఏళ్ల తరబడి ఇంటిపని చేసి తిరిగొచ్చిన ఆడమనిషికి నిద్ర పట్టదు, గుండె దడ, ఊళ్లో ఆర్.ఎం.పి. నరాల బలహీనతని చెప్పి సెలైన్ ఎక్కిస్తాడు. రెండోసారి బలం ఇంజెక్షన్ చేస్తాడు. మూడోసారికి మెడలో తాయెత్తు పడుతుంది. రొయ్యల చెరువు మునిగి అప్పులపాలైనవాడు రాత్రి మందు తాగకుండా పడుకోలేని స్థితికి వస్తాడు. వీళ్లెవరూ మానసిక వైద్యుడి దగ్గరకు నేరుగా రారు. ముందుగా కనిపెట్టగలిగేది నర్సే.

కనిపెట్టి వైద్యం మొదలైన తర్వాత, మందులు వాడేవారిని కాపాడుకుంటూ రావడం కూడా నర్సు పనే. ఒక ఉదాహరణ చెబుతాను. ఉద్రేకం, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బుకు లిథియం వాడే మనిషి రక్తంలో ఆ మందు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి. కాస్త పెరిగితే విషం. అతను మే నెల ఎండలో చెరువు గట్టు మీద పగలంతా చెమటోడ్చి, విరేచనాలు పట్టుకుని, ఒళ్లునొప్పులకు మందుల షాపులో డైక్లోఫెనాక్ కొనుక్కుని వేసుకున్నాడనుకోండి. ఈ మూడూ కలిసి రక్తంలో లిథియాన్ని పెంచుతాయి. మర్నాటికి చేతులు పెద్దగా వణకడం, అడుగు తడబడటం మొదలవుతుంది. చూసినవాళ్లు తాగి వచ్చాడనుకుంటారు. మందు ఆపించి, రక్తపరీక్ష చేయించి, పెద్దాసుపత్రికి పంపాలని ఆ క్షణంలో తట్టే నర్సు ఊళ్లో ఒకరున్నా మనిషి దక్కుతాడు. ప్రిస్క్రిప్షన్ రాసే అధికారం ఇందుకు అక్కరలేదు.

దారి ఏదైనా, ఫీజు కట్టేముందు కొంతకాలం మానసిక వైద్య వార్డులో పనిచేసి చూడండి. బి.ఎస్సీ.లో ఉన్నప్పుడు చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయానికి పోస్టింగ్ మీద వెళ్లి ఉంటే, అది కేస్ స్టడీ రాయడానికి వెళ్లిన విద్యార్థి చూపు. డ్యూటీ నర్సు చూపు వేరు. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, అక్కడి ఓ.పి. ఎలా నడుస్తుందో వారి అనుమతి తీసుకుని సెలవు రోజున చూసిరండి. నచ్చితే మానసిక వైద్య సేవలున్న ఆసుపత్రికి ఉద్యోగం మారండి. జీతం కొంత తగ్గినా ఫరవాలేదు. ఇక్కడి ప్రవేశాలకూ అక్కడి దరఖాస్తులకూ ఆ అనుభవం పనికొస్తుంది, అంతకంటే ముఖ్యంగా ఈ పని మీకు సరిపడుతుందో లేదో తేలిపోతుంది.

ఈలోగా మీ ఐ.సి.యు.లోనే చేయగలిగినవి ఉన్నాయి. కాలు విరిగి చేరిన రోగి రోజూ తాగేవాడైతే, ఆఖరిసారి ఎప్పుడు తాగాడో చేరిన రోజే అడిగి కేస్ షీటులో రాయండి. రెండో మూడో రోజుల్లో వణుకు, చెమట, లేని పురుగులు కనిపించడం మొదలైతే అది మద్యం ఆగిపోవడం వల్ల వచ్చిందని డ్యూటీ డాక్టరుకు వెంటనే గుర్తుచేయగలుగుతారు, గ్లూకోజ్ కంటే ముందు థయమిన్ (విటమిన్ బి1) పడేలా చూడగలుగుతారు. అటువంటివారి చేతులు మంచానికి కట్టేయడం మన వార్డుల్లో మామూలైపోయింది. 2017 చట్టం మానసిక ఆరోగ్య సంస్థల్లో దీనిపై కట్టడి పెట్టింది: రోగికి గానీ ఇతరులకు గానీ తక్షణ ప్రమాదాన్ని ఆపడానికి మరో దారి లేనప్పుడే, మానసిక వైద్యుడి అనుమతితో, కారణం రాసి మాత్రమే కట్టాలి, సిబ్బంది చాలరన్నది కారణం కాదని కూడా స్పష్టంగా చెప్పింది. అదే పద్ధతి మీ వార్డుకూ వర్తింపజేసుకుంటే మంచిది.

పురుగుమందు తాగి బతికినవారి విషయానికొస్తే, డిశ్చార్జి తర్వాతి కొన్ని వారాలు, నెలలే అత్యంత ప్రమాదకరమైనవి. మళ్లీ చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, చాలామందికి చెప్పుకునే అవకాశం దొరుకుతుంది. ఇంట్లో పురుగుమందు ఎక్కడ పెడతారో భార్యనో తమ్ముడినో అడిగి, తాళం వేసి, తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉంచమనండి. మానసిక వైద్యుడి ఓ.పి. తేదీ డిశ్చార్జి కాగితం మీదే రాయించండి, ఆ తేదీకి వెళ్లారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఉచితం, రాత్రింబవళ్లు తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ కాగితం మీద అదీ రాయండి. పోలీసు కేసు అవుతుందని కుటుంబం అసలు సంగతి దాచిపెడుతుంటే, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడని భావించాలి తప్ప శిక్షించకూడదని ఆ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోందని ధైర్యం చెప్పండి. ఆ కౌలురైతు విషయంలో మీ ఆసుపత్రిలో ఇవేవీ జరగకపోతే అది మీ ఒక్కరి లోపం కాదు. ఐ.సి.యు. నుంచి బయటికి వెళ్లే దారిలో ఈ పని ఎవరిదో ఎక్కడా రాసి లేదు. మీ నర్సింగ్ సూపరింటెండెంటు గారితో మాట్లాడి అది రాయించే ప్రయత్నం చేయవచ్చు. ఆ దృశ్యం ఇంకా మిమ్మల్ని నిద్రపోనివ్వకుంటే మీరు కూడా అదే నంబరుకు ఫోన్ చేయవచ్చు.

అత్తగారి మాటకు ఎదురు చెప్పకండి, వివరంగా చెప్పండి. ఆవిడ మనసులో ఉన్నది కటకటాల వెనుక అరుపులు వినిపించే పాతకాలపు ఆసుపత్రి. నిజానికి ఈ విభాగానికి వచ్చేవారిలో ఎక్కువమంది ఓ.పి.లో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వెళ్లిపోయేవారే: నిద్ర పట్టనివారు, బాలింతలు, తాగుడు మానాలనుకునేవారు, పరీక్షల భయంతో తిండి మానేసిన పిల్లలు. వారిలో అత్యధికులు ఎవరి మీదా చేయి చేసుకోరు. తీవ్ర దశలో ఉన్నవారి వార్డులో కొంత ప్రమాదం ఉన్న మాట నిజమే, దాన్ని దాచకండి. మాటలతో నెమ్మదింపజేయడం, ఒంటరిగా గదిలోకి వెళ్లకపోవడం ఆ శిక్షణలో భాగమని చెప్పండి. రాత్రి డ్యూటీలు ఇప్పుడూ ఉన్నాయి, అప్పుడూ ఉంటాయి. ఇంట్లో పిల్లల సంగతి, మీరు బెంగళూరులో ఉండే కాలంలో ఎవరు చూసుకుంటారన్నది ఆవిడ అసలు బెంగ అయితే, పిచ్చాసుపత్రి పేరు ఒక సాకు మాత్రమే. అప్పుడు మాట్లాడవలసింది దాని గురించి.

చివరగా కాగితాల విషయం. పెళ్లయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకుని, పదో తరగతి సర్టిఫికెట్, నర్సింగ్ పట్టా, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ పుట్టింటి పేరుతో ఉంచుకున్నవారికి మదింపు దగ్గరే నెలల తరబడి ఆలస్యం అవుతుంది. అన్నీ ఒకే పేరుతో, ఇంటిపేరు పొట్టి అక్షరమా పూర్తి పేరా అన్న తేడా కూడా లేకుండా ఉన్నాయో లేదో ఈ వారమే చూసుకోండి. కౌన్సిల్ రిజిస్ట్రేషన్ గడువు ముగియకముందే పునరుద్ధరించుకోండి. ఇప్పటి ఆసుపత్రి నుంచి అనుభవ ధ్రువపత్రం తీసుకునేటప్పుడు చేరిన తేదీ, విభాగం, పడకల సంఖ్య విడివిడిగా రాయించండి. రాజీనామా ఇచ్చిన తర్వాత వాటిని రాయించుకోవడం ఎంత కష్టమో మీ సీనియర్లను అడిగితే చెబుతారు.